పాత ఇంటి తలుపులు, కిటికీలు: బాగుచేయించాలా, పీకేసి కొత్తవి పెట్టించాలా?

తాతలనాటి ఇల్లు బాగుచేయిద్దామని మొదలుపెట్టగానే రెండు గొంతులు వినిపిస్తాయి. కాంట్రాక్టరేమో "ఇవన్నీ తీసేసి యూపీవీసీ పెట్టేద్దాం సార్, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటాడు (యూపీవీసీ అంటే గట్టి ప్లాస్టిక్ చట్రాలు). పాత సామాను కొనేవాడేమో తలుపుల వైపు ఓసారి చూసి, "మొత్తం కలిపి ఇంత ఇస్తా" అని ఒక అంకె చెప్తాడు. ఇద్దరికీ తొందరే. మీరు మాత్రం ఒక్క వారం ఆగండి.

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు, విశాఖ–కాకినాడల పాత పెంకుటిళ్లు, హైదరాబాద్ పాతబస్తీ దేవిడీలు (నవాబుల కాలంనాటి పెద్ద భవనాలు), తెలంగాణ పల్లెల్లో పాత భవంతులు... ఇలాంటి ఇళ్లున్న వాళ్ల కోసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఇల్లు మొత్తానికి కలిపి ఒకే నిర్ణయం తీసుకోవద్దు. ఒక్కో గుమ్మాన్నీ, ఒక్కో కిటికీనీ విడిగా చూడండి. పడమటి గోడలో వాన కొట్టే కిటికీ కుళ్లిపోయిందని నడిమింట్లో నిక్షేపంగా ఉన్న తలుపు పీకడంలో అర్థం లేదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

కర్ర బతికే ఉందా? సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని గుమ్మం అడుగున, గడప దగ్గర, కిటికీ కింది కమ్మీ మీద, బందులు బిగించిన చోట పొడిచి చూడండి. మొన మిల్లీమీటరు కూడా దిగకపోతే లోపల చేవ ఉన్నట్టే, పైన రంగు ఎంత అసహ్యంగా ఉన్నా సరే. అర అంగుళం మెత్తగా దిగిపోతే అక్కడ కుళ్లు ఉంది. పాత ఇళ్లలో దాదాపు ఎప్పుడూ పోయేది అడుగు భాగమే. రోజూ గడప కడిగి పసుపు రాసే ఇళ్లలో ఆ నీళ్లు నిలువు కమ్మీల మొదట్లోకి ఇంకుతూనే ఉంటాయి. పైగా పాత గచ్చు మీద టైల్స్ పరిచేటప్పుడు తలుపు కింద రెండంగుళాలు కోసేసి, కోసిన చోట రంగు వెయ్యకుండా వదిలేస్తారు. ఇక అక్కడినుంచి తడి పీల్చుకుంటుంది.

మట్టి గొట్టాల్లాంటి దారులు కనిపిస్తే చెద. సన్నటి గుండ్రని బెజ్జాలూ, వాటి కింద పిండిలాంటి పొడీ కనిపిస్తే పుచ్చు. పొడి తుడిచేసి వారం తర్వాత మళ్లీ చూడండి. కొత్తగా రాలకపోతే అది ఎప్పటిదో పాత పుచ్చు కావచ్చు, కంగారుపడక్కర్లేదు.

అసలు మీ ఫిర్యాదు ఏంటి? ఇది చాలామంది తమకి తాము వేసుకోని ప్రశ్న. దోమలు వస్తున్నాయి, ఏసీ చల్లదనం నిలవట్లేదు, రోడ్డు మీద హారన్ల మోత, వానాకాలం తలుపు పట్టేస్తోంది, గొళ్లెం పడట్లేదు. వీటిలో ఒక్కటి కూడా కర్ర చచ్చిపోయిందని చెప్పే ఫిర్యాదు కాదు.

తీస్తే ఎంత పోతుంది? ఒక లెక్క వేద్దాం. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గుమ్మం. నిలువులు రెండు, పైకమ్మీ, గడప కలిపి 21 అడుగుల కర్ర. ఇప్పుడు మామూలుగా వాడే 5 × 3 అంగుళాల సైజులో అయితే అది 2.2 ఘనపుటడుగులు. పాత గుమ్మం 8 × 6 అంగుళాలది అనుకుంటే అదే పొడవుకి 7 ఘనపుటడుగులు, అంటే మూడు రెట్ల పైమాటే. మీరు అడితికి (కర్ర డిపోకి) వెళ్తే టేకు ఘనపుటడుగుల లెక్కనే అమ్ముతారు. మీ దగ్గర కొనేటప్పుడు మాత్రం "మొత్తం కలిపి" అంటారు. ఎందుకో అర్థమైందిగా!

అందులోనూ కోస్తా ఊళ్లలో పాత ఇళ్ల కర్ర చాలావరకు రంగూన్ టేకు (బర్మా, అంటే ఇప్పటి మయన్మార్‌ది), ఓడల్లో మన రేవులకి దిగింది. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆ అడవుల్లో నిదానంగా పెరిగిన ముసలి చెట్ల చేవ (దుంగ నడిమి గట్టి కర్ర), ఇప్పుడు తోటల్లో త్వరగా కోతకొచ్చే టేకులో అంతగా ఉండదు. చిన్న వయసు దుంగలో బెరడు పక్కన తెల్లకర్ర ఎక్కువ. చెద ముట్టనిది టేకు చేవనే, ఆ తెల్లకర్రని శుభ్రంగా తింటుంది.

గోడ ఏమంటుంది? పాత గుమ్మాల పైకమ్మీ, గడప రెండూ గోడలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. పీకాలంటే చుట్టూ సున్నం గోడ పగలగొట్టాలి. పైన బరువు మోసేది కూడా చాలా ఇళ్లలో చెక్కదూలమే. తీసేటప్పుడు పోట్లు (ఊతకర్రలు) పెట్టకపోతే పైగోడ బీటలిస్తుంది. ఈ ఖర్చు కొటేషన్‌లో ఉండదు, పని సగంలో ఉన్నప్పుడు బయటపడుతుంది.

వీటితోపాటు సముద్రం ఎంత దూరం, ఇంట్లో రోజూ ఎవరైనా ఉంటారా, ఇల్లు రక్షిత కట్టడం దగ్గర ఉందా అన్నవి కూడా చూసుకోవాలి. వాటి సంగతి కింద వస్తుంది.

## మొదటి దారి: ఉన్నదాన్నే బాగుచేయించడం

పొడిచి చూసినప్పుడు నాలుగింట మూడొంతులు గట్టిగా ఉంటే నేను ఇంకో ఆలోచన చెయ్యను, ఇదే.

గుమ్మం అడుగు కుళ్లితే ఆ ముక్క వరకు ఏటవాలుగా కోసి, అదే జాతి పాత కర్ర ముక్కని, పీచు అదే దిశలో ఉండేట్టు అతికించి, చెక్కమేకులు దిగ్గొట్టాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికే ముందు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు సరిగ్గా పట్టదు. ఈ సంగతి తెలిసిన వడ్రంగి దొరికితే సగం టెన్షన్ తీరినట్టే. అతుక్కి కర్ర ఎక్కణ్నుంచి తేవాలంటే, మీ ఇంట్లోనే పూర్తిగా పోయిన ఇంకో కిటికీలో మంచి ముక్కలుంటాయి. అందుకే పని మొత్తం అయ్యేదాకా ఒక్క చెక్క కూడా గేటు దాటనివ్వకండి.

వానాకాలంలో తలుపు పట్టేస్తోందని వెంటనే చిత్రిక పట్టించకండి. ముందు బందుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, సగం కేసుల్లో తలుపు వాలిపోవడమే కారణం. నిజంగా కర్ర ఉబ్బినా సరే, శ్రావణంలో గీకించిన తలుపు ఎండాకాలానికి వేలు పట్టేంత సందు ఇస్తుంది. పొడి రోజులు వచ్చాక చూసుకోవచ్చు. నల్లరేగడి నేలల్లో ఇంకో గొడవ ఉంది: నేల ఉబ్బి, కుంగి గుమ్మమే మూల తప్పుతుంది. అలాంటప్పుడు తలుపు మార్చినా రెండేళ్లలో కథ మొదటికే వస్తుంది, పునాది పక్కన నీళ్లు నిలవకుండా చూడటం ముందు.

చెద ఉంటే కర్రకి మందు పూసి ఊరుకుంటే లాభం లేదు. అది వచ్చేది నేలలోంచి. గుమ్మం పక్కన గోడ మొదట్లో రంధ్రాలు వేసి ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు ఎక్కించాలి. కట్టిన ఇళ్లలో ఇది ఎలా చెయ్యాలో ఐఎస్ 6313 ప్రమాణంలో ఉంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లని ఆ పేరు చెప్పి అడిగితే ఎంత తెలుసో బయటపడుతుంది.

పాత రంగు తీయించేటప్పుడు మాత్రం జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పొరలు పొరలుగా ఉన్న పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసినవాటికి భరోసా లేదు. మంట పెట్టి కాల్చడం, మెషీన్‌తో పొడిగా సాండింగ్ చెయ్యడం రెండూ వద్దు. రంగు తీసే రసాయనం వాడి, తడిపి గీకించండి. ఆ రోజుల్లో చిన్నపిల్లలూ గర్భిణులూ ఇంట్లో ఉండకపోతే మంచిది.

పైపూతకి అవిసె నూనె మంచిదే కానీ ఊరికే పచ్చినూనె రాస్తే మన తేమకి ఆరక నల్లగా బూజు పడుతుంది. కాచిన నూనె పలచగా రాసి, మిగిలింది తుడిచెయ్యాలి. ఆ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు, నీళ్లలో తడిపి పారెయ్యండి. బయటవైపు నిగనిగలాడే పాలియురెథేన్ పూత నాకు నచ్చదు. ఎండకి పొలుసులుగా లేచాక మొత్తం గీకి మళ్లీ మొదలెట్టాలి.

గుమ్మం చుట్టూ గార రాలిన చోట సిమెంటు మెత్తించకండి. సున్నం గోడలో తడి ఎలాగోలా బయటికి పోతుంది, సిమెంటు దాన్ని ఆపేస్తుంది, ఆ తడి నేరుగా కర్రలోకి.

దీనిలో లోటు ఏంటంటే మనిషి. ఇలాంటి పని తెలిసిన వడ్రంగులు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు గుత్తకి ఒప్పుకోరు, రోజుకూలీ మీదే చేస్తారు, మీరు పక్కన ఉండాలి.

## రెండో దారి: పాతది ఉంచి, లోపల ఇంకోటి

దోమలు, ఏసీ, శబ్దం అన్న వాళ్లకి నా మొదటి సలహా ఇదే, ఎందుకో జనానికి తట్టదు. పాత గోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉంటాయి. కిటికీ బయటి అంచున ఉంటే లోపల బోలెడు చోటు. అక్కడ సన్నటి చట్రంతో జాలీ రెక్కలో, గాజు రెక్కలో విడిగా బిగించుకోవచ్చు. శబ్దం తగ్గాలంటే పాత రెక్కకీ కొత్త గాజుకీ మధ్య కనీసం నాలుగంగుళాల ఖాళీ వదలండి. ఏసీ కోసమైతే రెక్కల అంచున బ్రష్ పట్టీ అతికించినా చాలావరకు సరిపోతుంది.

రేపు వద్దనుకుంటే నాలుగు స్క్రూలు విప్పితే సరి, పాత కిటికీ చెక్కుచెదరదు. ఇబ్బందల్లా కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకునే ఇళ్లలో, జాలీకి చోటు దొరకదు. అప్పుడు బయటవైపు ఊచల వెనక బిగించాలి, ఊడదీసి కడగడం కాస్త పని.

## మూడో దారి: అదే నమూనాలో కొత్త కర్ర

కర్ర నిజంగా పోయిన చోట, ముఖ్యంగా వీధివైపు, ఇది న్యాయమైన దారి. కొలతలు, రెక్కల విభజన, చెక్కడం అన్నీ పాతదాన్ని చూసే దింపాలి. మన పాత కిటికీలకి కింద రెండు, పైన రెండు, మొత్తం నాలుగు రెక్కలుంటాయి చూడండి: కిందివి మూస్తే వీధిలో పోయేవాళ్లకి ఇల్లు కనపడదు, పైవి తెరిస్తే గాలి ఆడుతుంది. కొత్తగా చేయించేటప్పుడు "పని తగ్గుతుంది" అని వడ్రంగి రెండు రెక్కలకి దింపేస్తానంటాడు. ఒప్పుకోవద్దు.

కర్ర విషయంలో మహారాష్ట్రలోని బల్లార్షా టేకు దొరికితే మంచిదే, అయోధ్య రామమందిరం తలుపులకి వాడింది అక్కడి టేకే. డిపోల్లో ఘనా, సూడాన్, ఈక్వడార్ అని దిగుమతి టేకులు కూడా ఉంటాయి, తక్కువ ధరలో. వాటిని కొట్టిపారెయ్యను కానీ తెల్లకర్ర ఎంత ఉందో కోసిన అంచు చూసి కొనండి. గుమ్మాల వరకు వేప, మద్ది, వేగిస కూడా మన పెద్దవాళ్లు వాడినవే. ఏ కర్రైనా బాగా ఆరి ఉండాలి, తేమ 12 శాతం అటూఇటూ. మీటరు లేని అడితిలో కొనాల్సివస్తే కోయించిన పలకలు నీడలో కొన్ని నెలలు పేర్చి ఉంచి, తర్వాతే పని మొదలెట్టించండి.

## నాలుగో దారి: పాత కర్రే కొనడం

కూలగొట్టిన ఇళ్ల తలుపులు, గుమ్మాలు అమ్మే దుకాణాలు పెద్ద ఊళ్లన్నిట్లో ఉన్నాయి. తమిళనాడులో కారైకుడి అయితే దీనికే పేరుమోసింది, అక్కడి చెట్టినాడు ఇళ్ల బర్మా టేకు సరుకు మన వైపుకీ వస్తుంది. కొత్త టేకు కంటే గట్టి కర్ర దొరుకుతుంది. కానీ సైజు మీ గోడకి సరిపోదు, పాత మేకులు రంపం పళ్లు విరగ్గొడతాయి, పుచ్చు ఉంటే మీ ఇంటికి తెచ్చుకున్నట్టే. ఇంకోటి, పరాయి ఇంటి కర్ర సింహద్వారానికి పనికిరాదని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు. ఆ వాదనలో గెలవాలని చూడకండి, లోపలి తలుపులకి వాడుకోండి.

## ఐదో దారి: యూపీవీసీ, అల్యూమినియం

వీటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. యూపీవీసీ ఉబ్బదు, చెద పట్టదు, దుమ్ము రాదు, శబ్దం బాగా ఆపుతుంది. కొత్త ఫ్లాటుకి నేనూ అదే చెప్తా. పాత ఇంటికి వచ్చేసరికి లెక్క మారుతుంది. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, అంటే నాలుగు రెక్కలూ బార్లా తీస్తే వచ్చే గాలిలో సగం. మండువాలోకి గాలి లాగేది ఆ కిటికీలే. చట్రం లావు కాబట్టి వెలుతురూ కొంత తగ్గుతుంది. మూల తప్పిన గోడలో నలుచదరపు చట్రం పెట్టి, మిగిలిన సందులు ఫోమ్‌తో నింపుతారు. చివరగా, చెక్క కిటికీలో ఒక కమ్మీ పోతే ఆ కమ్మీ మారుస్తాం. ఇందులో చట్రం పగిలితే, లేదా పదిహేనేళ్ల తర్వాత ఆ కంపెనీ ఆ మోడల్ మానేస్తే, కిటికీ మొత్తం మార్చుకోవాల్సి రావచ్చు.

అల్యూమినియం చట్రం సన్నగా ఉంటుంది, కాబట్టి చూపుకి యూపీవీసీ కంటే నయం. ముదురు రంగు పౌడర్ కోటింగ్‌తో వెనక పెరటివైపు పెట్టిస్తే ఎబ్బెట్టుగా ఉండదు. ఎండకి మాత్రం వేడెక్కుతుంది, సముద్రపు గాలికి పూత గీసుకుపోయిన చోట పొక్కులొస్తాయి.

తీరంలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని అద్దాలు పగిలాయో చూసినవాళ్లకి తెలుసు. గాజు పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, బయటి చెక్క రెక్కలు తీసెయ్యకండి. బందులు, గొళ్లేలు ఇత్తడివి గానీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడండి, మామూలు 304 రకం ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది.

డబ్ల్యూపీసీ అని, చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన కొత్త చట్రాలు వస్తున్నాయి. బాత్రూం తలుపుకి సరే, అంతవరకే.

| దారి | పెట్టుబడి | తర్వాత మరమ్మతు | దోమలు, శబ్దం | ఇంటి రూపు |
|---|---|---|---|---|
| బాగుచేయించడం | కూలీ ఎక్కువ, కర్ర తక్కువ | సులువు, ముక్కముక్కగా | విడిగా చూసుకోవాలి | అలాగే ఉంటుంది |
| లోపల అదనపు రెక్క | తక్కువ | సులువు | బాగా తగ్గుతాయి | బయటికి తేడా తెలీదు |
| కొత్త కర్ర, పాత నమూనా | అన్నిటికంటే ఎక్కువ | సులువు | విడిగా చూసుకోవాలి | పనివాడి మీద ఆధారం |
| పాత కర్ర కొనడం | బేరాన్నిబట్టి | సులువు | విడిగా చూసుకోవాలి | కుదిరితే చాలా బావుంటుంది |
| యూపీవీసీ | మధ్యస్థం | కష్టం | బాగా తగ్గుతాయి | దెబ్బతింటుంది |
| అల్యూమినియం | మధ్యస్థం | కొంత కష్టం | తగ్గుతాయి | వెనకవైపు అయితే పర్లేదు |

## ఎవరికి ఏది

అమ్మానాన్నలు అక్కడే ఉంటుంటే, వాళ్ల చేతికి ఏది తేలికో అది చూడండి. ఎనభై ఏళ్ల మనిషికి బరువైన అడ్డగడియ తియ్యడం కష్టం. తలుపు అదే ఉంచి, బందులు మార్చి, చేతికందే ఎత్తులో తేలికైన గడియ ఇంకోటి పెట్టించండి, దోమలకి లోపల జాలీ. ఇంతకంటే పెద్ద పని పెట్టి వాళ్లని రెండు నెలలు దుమ్ములో ఉంచకండి.

మీరు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి ఇల్లు తాళం వేసి ఉంటే, అసలు శత్రువు మూసిపెట్టిన గాలి. ఈ ఏడాది చెద మందు, పెంకుల కారుడు, గుమ్మాల అడుగులు వరకు చేయించి మిగతాది మీరు వచ్చి పక్కన నిలబడగలిగినప్పటికి వాయిదా వేయండి. ఫోన్లో వీడియో చూస్తూ వడ్రంగం చేయించలేరు. నెలకోసారి ఎవరైనా వచ్చి తలుపులన్నీ తీసి ఓ పూట ఉంచేలా మాట్లాడుకోండి.

హోమ్‌స్టే ఆలోచన ఉన్నవాళ్లు వీధివైపు, మండువావైపు ఒక్క యూపీవీసీ ముక్క కూడా పెట్టకండి, అతిథి డబ్బిచ్చేది ఆ తలుపులు చూసే. పడకగదిలో ఏసీ తప్పదు కాబట్టి అక్కడ రెండో దారి. ఎలా ఉండొచ్చో చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి ఓ సాయంత్రం వెళ్లండి, అక్కడ చేసిన పరిరక్షణ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది.

ఊళ్లో అద్దెకిచ్చే ఇల్లైతే అంత సెంటిమెంటు అక్కర్లేదు. వెనక గదులకి అల్యూమినియం పెట్టి, తీసిన టేకుతో ముందువైపు కిటికీలు బాగుచేయించుకుంటే రెండూ కలిసొస్తాయి.

ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటుకే ఇచ్చేస్తున్నారా? అయితే డెవలప్‌మెంట్ ఒప్పందంలో తలుపులు, గుమ్మాలు, దూలాలు ఎవరివో రాయించుకోండి. అమ్మేటప్పుడు ఒక్కొక్కటీ కొలిచి, ఘనపుటడుగుల లెక్క కాగితం మీద వేసి, కనీసం ముగ్గురిని ధర అడగండి.

## అనుమతుల మాట

చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు, మరమ్మతుకి కూడా అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఒకప్పుడు 13వ రెగ్యులేషన్ కింద వారసత్వ భవనాల జాబితా ఉండేది, అది 2015లో పోయింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మీ ఇల్లు ఎక్కడైనా నమోదై ఉందేమో మున్సిపల్ ఆఫీసులోనూ పురావస్తు శాఖలోనూ కనుక్కుని, పని మొదలెట్టే ముందే ప్రతి తలుపుకీ కిటికీకీ నంబరు వేసి, లోపలా బయటా ఫోటోలు తీసి పెట్టుకోండి. అనుమతికి అవే అడుగుతారు, వడ్రంగితో "ఇది ఇలా లేదే" అని తగువొచ్చినప్పుడూ అవే పనికొస్తాయి.